అనుకూల పక్షానికి నలభై ఒక్క నిమిషాలు

ప్రపంచంలో ప్రతి విషయానికీ రెండు పక్షాలుంటాయి. ఒక పక్షం ఎంతసేపు మాట్లాడితే రెండో పక్షానికీ అంతసేపు మాట్లాడే అవకాశం ఇవ్వకపోతే నాగరికత కుప్పకూలిపోతుంది. మానవజాతి వేల ఏళ్లుగా పట్టించుకోని ఈ మహాసత్యాన్ని, యుద్ధం మొదలైన రెండో నెలలో ప్రభుత్వం పట్టించుకుని, ఒక నాలుగంతస్తుల భవనంలో మూడో అంతస్తు మొత్తం తీసుకుని, అందులో ఉభయపక్ష సమతుల్య కార్యాలయాన్ని నెలకొల్పింది. (ఆ భవనంలో లిఫ్టు పైకి మాత్రమే వెళుతుంది. దిగడానికి మెట్లున్నాయి. మొత్తం మీద సమతుల్యమే.)

నిబంధన చాలా సులువైనది. ఏ డాక్యుమెంటరీలోనైనా ఒక విషయానికి వ్యతిరేకంగా ఎన్ని నిమిషాలుంటాయో, అనుకూలంగా కూడా అన్ని నిమిషాలుండాలి. లేకపోతే ధ్రువపత్రం రాదు. ధ్రువపత్రం లేనిదే గోడకు దుప్పటి కట్టుకుని ఇంట్లోవాళ్లకు చూపించుకోవడానికి కూడా వీల్లేదు.

ఆ నిమిషాలను కొలిచే ఉద్యోగం తక్కెడ గారిది. ఆయన అసలు పేరు హాజరు పట్టీకి మాత్రమే తెలుసు. అంతకుముందు ఇరవై ఏడేళ్లు తూనికలు, కొలతల శాఖలో కూరగాయల దుకాణాల తక్కెడలకు ముద్రలు వేశారు కనుక ఆ పేరు అతుక్కుపోయింది. యాభై మూడేళ్ల మనిషి. చొక్కా జేబులో పెన్ను, చేతిలో స్టాప్‌వాచ్, మొహంలో ఏమీ లేదు. దోమల నివారణ మీద ఎవరో పద్దెనిమిది నిమిషాల చిత్రం తీసుకొస్తే, దోమల తరఫున పద్దెనిమిది నిమిషాలు మాట్లాడడానికి ఒక జంతుశాస్త్రం మాస్టారిని వెతికి తెప్పించింది ఆయనే. మాస్టారు ఎంత బాగా మాట్లాడారంటే, ఆ తరువాత నెలరోజుల పాటు కార్యాలయంలో దోమ కుట్టినా చెయ్యెత్తడానికి అందరికీ మొహమాటంగా ఉండేది.

అలాంటి చోటికి ఒక సోమవారం ఉదయం దర్శకురాలు వచ్చింది. వెనకాల కెమెరా సంచీ మోస్తూ ఆమె బావగారు. బావగారు ఇరవై ఆరేళ్లుగా పెళ్లి వీడియోలు తీస్తున్న మనిషి. పెళ్లికొడుకుల కొరత వల్ల ఏడాదిగా ఆ పని లేదు. పెళ్లికొడుకులంతా ఎక్కడికి పోయారో అందరికీ తెలుసు కనుక ఎవరూ అడగలేదు.

ఆమె తీసిన చిత్రం నలభై ఒక్క నిమిషాలు. ఊరి మధ్యలో ఒక పాత అపార్టుమెంటు. దానికి నేలమాళిగ లేదు. సైరన్ మోగినప్పుడల్లా అందరూ వచ్చి మెట్ల మీద కూర్చుంటారు. ఒక ముసలాయన తనతో తనే చదరంగం ఆడుకుంటూ తన మీద తనే విసుక్కుంటాడు. ఒకావిడ అల్లుతున్న స్వెటరు మొదట్లో అరచేతంత ఉంటుంది, చివరికి రెండు చేతులూ వచ్చేస్తాయి. అంతే చిత్రం.

తక్కెడ గారు రెండుసార్లు చూశారు. స్టాప్‌వాచ్ నొక్కే అవకాశం ఒక్కసారి కూడా రాలేదు.

“ఇందులో యుద్ధాన్ని ఎవరూ ఏమీ అనలేదు కదమ్మా?” అన్నారు.

“లేదండీ. మెట్ల మీద కూర్చున్నారంతే.”

“మరి ఫారంలో యుద్ధ వ్యతిరేక చిత్రం అని రాశారు.”

“మీ ఫారంలో రెండే గళ్లున్నాయండీ. అనుకూలం, వ్యతిరేకం. మూడోది ఉంటే అదే నింపేదాన్ని.”

ఇలాంటి చిక్కులను తేల్చడానికే కార్యాలయానికి ఒక అధికారిణి ఉన్నారు. అందరూ మేడమ్ అంటారు. ఆవిడ బల్ల మీద కాగితాలు గాలికి ఎగరకుండా పెట్టిన గాజుబిళ్లలు కూడా ఎడమవైపు నాలుగు, కుడివైపు నాలుగు. మేడమ్ చిత్రం మొత్తం చూసి, కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

“వీళ్లకు ఇళ్లల్లో కుర్చీలు లేవా?”

“ఉన్నాయండీ,” అంది దర్శకురాలు.

“కుర్చీ ఉన్న మనిషి వచ్చి మెట్టు మీద కూర్చున్నాడంటే అది విమర్శే. నలభై ఒక్క నిమిషాలూ వ్యతిరేకం కింద రాసుకోండి తక్కెడ గారూ. అమ్మాయీ, నువ్వెళ్లి నలభై ఒక్క నిమిషాలు అనుకూలంగా తీసుకురా.”

దర్శకురాలు మూడు వారాలు తిరిగింది. విశ్రాంత సేనాధిపతి ఒకాయన మాట్లాడతానన్నాడు గానీ, ముప్పై ఏళ్ల కిందట తాను గెలిచిన యుద్ధం గురించి మాత్రమేనన్నాడు. ఇప్పటిదాని గురించి అడిగితే చెవుడు వచ్చేది. ప్రతి ఆదివారం పత్రికలో యుద్ధాన్ని సమర్థిస్తూ రాసే ఆచార్యుడు కుటుంబంతో సహా వేరే దేశంలో సముద్రపు ఒడ్డుకు మారిపోయాడట. అక్కడి నుంచే మాట్లాడి పంపిస్తానన్నాడు. సమర్థించేవారు సైరన్ వినబడే దూరంలో ఉండాలన్న నిబంధన ఆయనకు అడ్డొచ్చింది. దుకాణం మీద వీధి మొత్తానికి నీడనిచ్చేంత జెండా కట్టిన ఇనుప సామాన్ల వ్యాపారి మాత్రం చేతులు జోడించాడు.

“నన్నొదిలెయ్యమ్మా. కెమెరాలో కనబడ్డాననుకో, మా ఇంట్లో ఇంకో అబ్బాయి ఉన్నాడని వాళ్లకి గుర్తొస్తుంది.”

దరఖాస్తుదారుకు మనిషి దొరకనప్పుడు కార్యాలయమే తన సిబ్బందిలో ఒకరిని సరఫరా చేయాలని పదిహేడో నిబంధన చెబుతుంది. మేడమ్ గది తలుపు తీసి సిబ్బంది వైపు చూశారు. సిబ్బంది అందరూ ఒకేసారి సొరుగుల్లో ఏదో వెతుక్కోవడం మొదలుపెట్టారు. తక్కెడ గారి బల్లకు సొరుగు లేదు.

“మీ ఉచ్చారణ బాగుంటుంది. పైగా మీ తమ్ముడు సరిహద్దులో ఉన్నాడు కదా?”

“అవును మేడమ్. కానీ నాకు అభిప్రాయాలు లేవు.”

“అందుకే మిమ్మల్ని పెడుతున్నాం.”

సమర్థించేవారిని సహజ వాతావరణంలో, అంటే సొంత ఇంట్లో, చిత్రీకరించాలి. (అంతకుముందు కార్యాలయంలో తీసేవారు. అవి కార్యాలయంలో తీసినట్టు కనబడేవి.) కనుక ఆ శనివారం ఉదయం దర్శకురాలూ, బావగారూ తక్కెడ గారి ఇంటికి వెళ్లారు. రెండో అంతస్తులో రెండు గదుల ఇల్లు. తక్కెడ గారి భార్య లెక్కల టీచరు. భోజనాల బల్ల మీద పరీక్ష పేపర్ల కట్టలు పేర్చుకుని, ఎర్ర పెన్నుతో దిద్దుకుంటోంది. వచ్చినవాళ్లకు టీ ఇచ్చి మళ్లీ పేపర్ల ముందు కూర్చుంది.

“ఆయన యుద్ధాన్ని సమర్థిస్తారటగా,” అంది. “ఇంట్లో కూర రుచి ఎలా ఉందో చెప్పమంటే రెండు రోజులు పడుతుంది.”

బావగారు తక్కెడ గారిని కిటికీ పక్కన కుర్చీలో కూర్చోబెట్టి, కాలరు సరిచేసి, గడ్డం పట్టుకుని మొహం కాస్త పక్కకు తిప్పాడు.

“అలా బిగుసుకోకండి. కొంచెం నవ్వండి. ఆ, చాలు. మరీ సిగ్గుపడకండి.”

“బావా, ఇది పెళ్లి కాదు,” అంది దర్శకురాలు.

“తెలుసమ్మాయ్. కానీ మనిషి భయం అదే కదా.”

తక్కెడ గారు కార్యాలయం ఇచ్చిన కాగితం తీసి చదివారు. అందులో యుద్ధానికి నాలుగు కారణాలున్నాయి. స్పష్టంగా, ఎక్కడా తడబడకుండా, కామా దగ్గర కామా అంత, ఫుల్‌స్టాపు దగ్గర ఫుల్‌స్టాపు అంత ఆగుతూ చదివారు. స్టాప్‌వాచ్ చూశారు. నాలుగు నిమిషాల పది సెకన్లు.



“అంతేనా?” అంది ఆయన భార్య, తల ఎత్తకుండా. “మూడేళ్ల నుంచి జరుగుతున్నదానికి నాలుగు నిమిషాలా? మా పిల్లలు కూడా జవాబును ఇంతకన్నా సాగదీస్తారు.”

నెమ్మదిగా చదివి చూశారు. ఐదు నిమిషాల నలభై సెకన్లు వచ్చింది గానీ, వింటుంటే తక్కెడ గారికి ఒంట్లో బాగాలేదేమో అనిపించింది. చేసేదేమీ లేక ఆయన సోమవారం నాడు కారణాల విభాగానికి ఉత్తరం రాశారు. అదనంగా ముప్పై ఆరు నిమిషాల యాభై సెకన్లకు సరిపడా కారణాలు మంజూరు చేయవలసిందని కోరారు.

వారం తిరక్కుండానే జవాబు వచ్చింది. ఆ విభాగం చరిత్రలోనే అంత త్వరగా జవాబు రావడం అది మొదటిసారి. మొదటి, మూడో కారణాలు సవరణలో ఉన్నందున వాటిని వాడరాదు. ఇంతకుముందు వాడినవారు వాడలేదని భావించుకోవలెను. కొత్త కారణాలు తయారవగానే తెలియపరచబడును. అంతవరకు అందరూ యథాప్రకారం సమర్థించవలెను.

నాలుగు నిమిషాలు కాస్తా రెండయ్యాయి. దర్శకురాలు కార్యాలయం బెంచీ మీద కూర్చుని రెండు చేతులతో మొహం కప్పుకుంది. ఆ మెట్ల మీది ముసలాయనకు ఎనభై నాలుగేళ్లు. చిత్రం ఎప్పుడు చూపిస్తావని వారానికోసారి ఫోన్ చేస్తున్నాడట. తక్కెడ గారు అది చూసి, ఎవరూ చెప్పకుండానే, నిబంధనల పుస్తకం ఇంటికి పట్టుకెళ్లి మొదటి నుంచి చివరిదాకా చదివారు. మర్నాడు ఉదయం దర్శకురాలికి ఆయనే ఫోన్ చేశారు.

“అమ్మా, ఇరవై రెండో నిబంధన ఉంది. సమర్థించే వ్యక్తి కెమెరా ముందు ఏమీ మాట్లాడకుండా కూర్చుంటే, ప్రతి నిమిషాన్నీ అర నిమిషం అనుకూలంగా లెక్కించవచ్చు. మనకు తక్కువైంది ముప్పై తొమ్మిది. నేను డెబ్బై ఎనిమిది నిమిషాలు మాట్లాడకుండా కూర్చుంటే సరిపోతుంది.”

“కూర్చోగలరా?”

“నేను ముప్పై ఏళ్లు ప్రభుత్వోద్యోగం చేశానమ్మా.”

రెండో శనివారం ఉదయం పదింటికి మళ్లీ అదే కిటికీ, అదే కుర్చీ. తక్కెడ గారు మిగిలిన రెండు కారణాలు చదివి, కాగితం మడిచి జేబులో పెట్టుకుని, స్టాప్‌వాచ్ నొక్కి, చూస్తూ కూర్చున్నారు. ఆయన భార్య పేపర్లు దిద్దుకుంటోంది. బావగారు కెమెరా వెనక నిలబడి ఆవలింతలు మింగుతున్నాడు. ఇరవై నిమిషాలు అయ్యాయి. అంత చక్కటి మౌనాన్ని తాను ఏ పెళ్లిలోనూ తీయలేదని బావగారు తరువాత చెప్పాడు.

ఇరవై ఒకటో నిమిషంలో సైరన్ మోగింది.

“సర్, లేవండి!” అంది దర్శకురాలు.

తక్కెడ గారు లేవలేదు. సైరన్ మోగితే మెట్ల మీదికి పోవాలన్నది ఒక నిబంధన. సమర్థించే వ్యక్తి చిత్రీకరణ పూర్తయ్యేవరకు కెమెరాలో కనబడే చట్రం దాటి పోరాదన్నది ఇంకో నిబంధన. దేన్ని మీరాలో ఆయనకు తోచలేదు. నోరు తెరిచి అడగడానికి వీల్లేదు. ఆయన కళ్లు కెమెరా వైపు, తలుపు వైపు, మళ్లీ కెమెరా వైపు తిరుగుతుంటే బావగారికి అర్థమైంది.

“చట్రమే కదా? మీరు నడవండి సార్. చట్రాన్ని నేను తీసుకొస్తా.”

అని కెమెరాను స్టాండు మీంచి ఊడదీసి భుజాన వేసుకుని, ఆయన మొహం మీంచి చూపు మరల్చకుండా, వెనక్కి వెనక్కి నడుచుకుంటూ తలుపు దాటి మెట్లు దిగాడు. ఇరవై ఆరేళ్లు వధూవరుల ముందు వెనక్కి నడిచిన కాళ్లవి. ఒక్క మెట్టు కూడా తప్పలేదు.

మొదటి అంతస్తుకూ రెండో అంతస్తుకూ మధ్య మెట్ల మీద అప్పటికే జనం సర్దుకుంటున్నారు. కింది వాటాలో ఉన్న పళ్ల డాక్టరు, ఆయనతోపాటు మెడలో గుడ్డ కట్టుకుని, బుగ్గలో దూది పెట్టుకుని, సగం పని జరిగిన ఒక రోగీ ఉన్నారు. రోగి మూతి మొద్దుబారి ఒక పక్కకు వాలిపోయింది. తక్కెడ గారి భార్య పేపర్ల కట్ట, ఎర్ర పెన్ను పట్టుకొచ్చి భర్త పక్కన కూర్చుంది.

“ఆయనా మాట్లాడట్లేదుగా,” అంది రోగిని చూపించి. “ఆయనదీ కలిపేసుకోండి, తొందరగా అయిపోతుంది.”

దర్శకురాలికి నవ్వొచ్చింది. అంతలో దూరంగా ఎక్కడో ధబ్బుమని శబ్దమైంది. గోడ మీంచి సున్నం రాలి పేపర్ల మీద పడింది. ఆవిడ ఊదుకుని, ఒక లెక్కకు ఇంటూ పెట్టింది. రెండోసారి శబ్దం దగ్గరగా వచ్చింది. ఈసారి ఆవిడ పెన్ను కదలలేదు.

“మీ తమ్ముడు ఫోన్ చేసి ఇవాళ్టికి పంతొమ్మిది రోజులు.”

తక్కెడ గారు ముందుకు చూస్తూ కూర్చున్నారు. స్టాప్‌వాచ్ నడుస్తోంది.

“నోటీసు వచ్చినప్పుడు మా అక్క వాళ్లింట్లో ఉంటానన్నాడు. వాళ్ల పొలంలో ఎవరూ వెతకరన్నాడు. వద్దన్నదెవరండీ?”

డాక్టరు రోగి నోట్లో దూది సరిగ్గా ఉందో లేదో చూడడం మొదలుపెట్టాడు. దర్శకురాలు కెమెరా ఆపమన్నట్టు బావగారి చెయ్యి తాకింది. బావగారు ఆపలేదు.

“ఏమండీ, దీనికి కూడా సగం మార్కులు వేసుకుంటారా?”

తక్కెడ గారు స్టాప్‌వాచ్ చూసుకున్నారు. నలభై నాలుగు నిమిషాల రెండు సెకన్లు.

“నేనే,” అన్నారు. “ఐదో తారీఖు ఉదయం ఎనిమిదింటికని రాసుంది. వాడు మంచం కింద చెప్పులు వెతుక్కుంటుంటే టైమైపోతోందని నేనే తొందరపెట్టాను. ఇంకో ఐదు నిమిషాలు వెతుక్కోనిస్తే ఏం పోయేది? వాడు నా చెప్పులేసుకుని వెళ్లాడు. మంచిది కాదు అది. అసలేదీ మంచిది కాదు.”

మళ్లీ స్టాప్‌వాచ్ చూసుకున్నారు. నలభై నాలుగు నిమిషాల పంతొమ్మిది సెకన్లు. మిగతా సమయమంతా ఎప్పటిలాగే కూర్చున్నారు. ఆయన భార్య ఎర్ర పెన్నుకు మూత పెట్టి, ఆయన మోచేతి మీద చెయ్యి వేసి, ప్రమాదం తొలగిందని సైరన్ మోగేదాకా తీయలేదు. ఆ పదిహేడు సెకన్లకు బదులుగా ఆయన చివర్లో ఇంకో పదిహేడు సెకన్లు ఎక్కువ కూర్చున్నారు.

సోమవారం నాడు తక్కెడ గారు తన మౌనాన్ని తనే కొలిచి, పట్టికలో ఎక్కించి, పదిహేడు సెకన్లను మాత్రం వ్యతిరేకం గడిలో వేసి, మేడమ్ ముందు పెట్టారు.

మేడమ్ అంతా చూశారు. గాజుబిళ్ల ఒకటి ఎడమ నుంచి కుడికి జరిపి, మళ్లీ దాని చోటే పెట్టారు.

“ఈ ముక్క తీసేస్తే సరిపోతుంది కదా తక్కెడ గారూ? మీకే మంచిది.”

“మౌనాన్ని కత్తిరించరాదు మేడమ్. ఇరవై రెండులో ఉపనిబంధన మూడు.” (గతంలో ఒకాయన ఒకే ఒక్క నిమిషం మౌనంగా కూర్చుని, దాన్నే నలభై సార్లు అతికించి తెచ్చాడు.)

“కత్తిరించాలని నేను చెబితే?”

“రాతపూర్వకంగా ఇప్పించండి మేడమ్.”

ముప్పై ఏళ్లలో తక్కెడ గారు పైవాళ్లతో అన్న అతి పెద్ద మాట అదే. మేడమ్ రాతపూర్వకంగా ఇవ్వలేదు. ఆ కార్యాలయంలో ఎవరూ ఏదీ రాతపూర్వకంగా ఇవ్వరు.

ఇప్పుడు వ్యతిరేక పక్షం పదిహేడు సెకన్లు పెరిగింది. అనుకూలంగా ఇంకో పదిహేడు సెకన్లు కావాలి. మేడమ్ సిబ్బంది గదిలోకి వచ్చి అడిగారు. ఒకరికి గొంతు బాగాలేదు. ఒకరికి మర్నాడు మేనకోడలి సీమంతం. మూడో ఆయన, తన అల్లుడు నిన్ననే వెళ్లాడనీ, ఇంకో రోజు పెట్టుకుందామనీ అన్నాడు. చివరికి మేడమ్, నిమిషం లోపు ముక్కకు సొంత ఇల్లు అక్కర్లేదని తేల్చి, తనే కుర్చీలో కూర్చుని, జుట్టు సర్దుకుని, కెమెరాతో పిలిపించిన బావగారితో ఊఁ అన్నారు. మిగిలిన రెండు కారణాల్లో ఒకటి చదవబోతుండగా కారణాల విభాగం నుంచి కాగితం వచ్చింది. రెండో, నాలుగో కారణాలు కూడా సవరణలోకి వెళ్లాయి. పూర్తయిన చిత్రీకరణలకు మాత్రం మినహాయింపు ఉంది.

మేడమ్ ఆ కాగితం చదివి బోర్లించి పెట్టారు. ఏమీ మాట్లాడకుండా ముప్పై నాలుగు సెకన్లు కూర్చున్నారు. స్టాప్‌వాచ్ తక్కెడ గారి చేతిలోనే ఉంది. అది ముప్పై నాలుగు దాటాక కూడా మేడమ్ కాసేపు లేవలేదు. ఆ అదనాన్ని తక్కెడ గారు లెక్కలో చూపించలేదు.

ధ్రువపత్రం వచ్చింది. రెండు భాగాల మధ్యా ఎటువంటి తేడా కనిపించలేదు కనుక సమతుల్యం సంపూర్ణంగా సాధించబడినదని దాని మీద రాసి ఉంది. ధ్రువపత్రం పొందిన చిత్రాలను ఊళ్లలో ఎన్ని ఆటలు వేస్తే సైనిక శిబిరాల్లో అన్ని ఆటలు వేయాలి కనుక అక్కడికీ పంపారు. ఊళ్లో మొదటి ఆటకు చదరంగం ముసలాయన చొక్కా ఇస్త్రీ చేయించుకుని వచ్చాడు.

ఆ ఆట పడిన పన్నెండో రోజున, ఆదివారం మధ్యాహ్నం, తక్కెడ గారు భోజనానికి కూర్చుంటుంటే ఫోన్ మోగింది. ఆయన భార్య తీసి, ఒక్క మాట విని, ఆయన చెవి దగ్గర పెట్టింది.

“అన్నయ్యా, నేనే. బాగానే ఉన్నా. నిన్ను చూశాను.”

“ఎక్కడరా?”

“సినిమాలో. మా శిబిరంలో వేశారు. వదిన కూడా ఉంది.”

తక్కెడ గారు గోడ వైపు తిరిగారు. “విన్నావా?”

“విన్నా. అందరూ విన్నారు. మళ్లీ వెయ్యమని ఒకటే గోల. ఆపరేటరు కుదరదన్నాడు. వ్యతిరేకంగా ఉన్న ముక్క రెండోసారి వెయ్యాలంటే, అనుకూలంగా ఉన్న ముక్క కూడా రెండోసారి వెయ్యాలట. సరే, రెండూ వెయ్యవయ్యా అన్నాం. ముందు మీ మేడమ్ గారిది వేశాడు, ఆవిడ మాట్లాడకుండా కూర్చుంటుందే, అది.”

“తరువాత?”

“అది అయ్యేసరికి మమ్మల్ని ముందుకు తీసుకెళ్లే బండి వచ్చేసింది అన్నయ్యా.”

(బండి సరిగ్గా వేళకే వచ్చిందని సంబంధిత విభాగం ధ్రువీకరించింది.)